బోర్డు మూల రాసుకునే పేరు

అందరికీ నమస్కారమండి. వెనకాలకి వినిపిస్తోందా... ఆ, సరే. ముందు వరసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్లలు వచ్చి కూర్చోండమ్మా, నేను చెప్పాల్సింది చెప్పడానికి కాస్త టైం పడుతుంది, ఆ తర్వాత మీరు తెచ్చుకున్న బొమ్మలతో కూడా పని ఉంది.

నాకిచ్చిన టాపిక్ ఏటంటే, బొమ్మలేసేవాళ్ళు ఆన్‌లైన్‌లో తమ పనిని నలుగురికీ ఎలా తెలిసేలా చేసుకోవాలి అని. నేను పద్నాలుగో ఏట మన వైజాగ్ జగదాంబ జంక్షన్ దగ్గర ఒక బోర్డు ఆర్టిస్టు దగ్గర బ్రష్షులు కడగడానికి చేరాను, అక్కణ్ణించి మొదలెడితేనే నాకు ఈ విషయం సరిగ్గా చెప్పడం వస్తుంది, అందుకని అక్కణ్ణించే మొదలెడతాను.

మా గురువుగారు రేకుకి రెడ్ ఆక్సైడ్ కొట్టి, ఆరాక బేస్ కలర్ వేసి, సుద్ద దారంతో గీతలు కొట్టుకుని ఎనామిల్‌తో అక్షరాలు రాసేవారు. కిరాణా కొట్లు, టైలరు షాపులు, డాక్టర్ల బోర్డులు, ఊళ్ళో గోడల మీద సిమెంటు ప్రకటనలు, ఎలక్షన్లొస్తే పార్టీ గుర్తులు, సినిమా బ్యానరు పని తగిలిందంటే ఇంక రాత్రీ పగలూ లేదు. అంతా అయ్యాక చివర్లో సన్న బ్రష్షు తీసుకుని కింద కుడి మూల తన పేరు, పక్కన ఆర్ట్స్ అని రాసేవారు. మాచేత ఎన్ని అక్షరాలు రాయించినా ఆ మూల పేరు మాత్రం ఆయనే రాసేవారు, ఇంకెవ్వరికీ ఇచ్చేవారు కాదు. తర్వాత్తర్వాత పక్కింట్లోకి ఫోనొచ్చాక ఆ పేరు కింద నంబరు, నంబరు పక్కన పి.పి. అని కూడా చేరింది. ఇప్పటి పిల్లలకి తెలీదేమో, పి.పి. అంటే ఆ ఫోను మనది కాదు, పక్కవాళ్ళది, వాళ్ళు కేకేస్తే మనం పరిగెత్తుకెళ్ళి మాట్లాడాలి.

మీరిప్పుడు ప్రొఫైల్ అంటున్నారు, హ్యాండిల్ అంటున్నారు, బయోలో లింకు అంటున్నారు, నా లెక్కలో అదంతా ఆ మూలనున్న మూడంగుళాల చోటే. గాజువాకలో కొత్తగా షాపు పెడుతున్నాయన పూర్ణా మార్కెట్‌కి సరుక్కొచ్చాడు, అక్కడో బోర్డు చూశాడు, అక్షరం నచ్చింది, కిందకి చూశాడు, పేరుంది, నంబరుంది, సాయంత్రం ఫోన్ చేశాడు. అలా ఒక బోర్డు ఇంకో బోర్డుని తెచ్చేది. పని కనబడాలి, ఎవరు చేశారో తెలియాలి, వాళ్ళు ఎక్కడ దొరుకుతారో తెలియాలి, మూడూ ఒకే చోట ఉండాలి. ఈ మూడింట్లో ఏదో ఒకటి వదిలేసినవాళ్ళే నాకు ఆన్‌లైన్‌లో ఎక్కువమంది కనబడుతున్నారు, ముఖ్యంగా చాలా బాగా వేసేవాళ్ళు. అది చూస్తే నాకు బాధేస్తుంది, అందుకే ఈ మీటింగ్‌కి పిలవగానే ఒప్పుకున్నాను.

బొమ్మని జనం దగ్గరికి తీసుకెళ్ళడం అనేది ఫోన్లు వచ్చాక పుట్టిన పని కాదండి. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి తన లక్ష్మి, సరస్వతి బొమ్మలు రంగుల్లో అచ్చు వేయించాడు, రాజుల గోడల మీదుండే బొమ్మ మామూలు ఇళ్ళల్లో దేవుడి గూట్లోకి వచ్చింది. మనవైపు చూస్తే వడ్డాది పాపయ్యగారు, 1921లో శ్రీకాకుళంలో పుట్టిన మనిషి, చందమామ అట్ట మీద కింద ఓ మూల వపా అని రెండక్షరాలు. నేను చిన్నప్పుడు ఆయన పూర్తి పేరు తెలీకుండానే ఆ రెండక్షరాల కోసం వెతుక్కునేవాణ్ణి, కొత్త సంచిక రాగానే ముందు మూల చూసేవాణ్ణి. ఎన్నేళ్ళయినా అదే పేరు, అదే తీరు. ఇక్కడున్నవాళ్ళల్లో ఎంతమందికి ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేరు, ఫేస్‌బుక్‌లో ఇంకో పేరు, బొమ్మ మీద సంతకం మూడో రకం? చేతులెత్తక్కర్లేదు, ఇంటికెళ్ళి చూసుకోండి. పేరు ఒక్కటే పెట్టుకోండి, స్పెల్లింగు ఒక్కటే పెట్టుకోండి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రెండింట్లోనూ రాసి ఉంచండి, ఎందుకంటే మిమ్మల్ని వెతికేవాళ్ళు ఏ భాషలో టైపు చేస్తారో మనకి తెలీదు.

సరే, ఫ్లెక్స్ వచ్చింది. రెండు మూడేళ్ళల్లో మా పని దాదాపు మొత్తం పోయింది. మాతో పనిచేసినవాళ్ళల్లో కొందరు ఇళ్ళకి సున్నాలు వెయ్యడానికెళ్ళారు, ఒకాయన ఆటో కొనుక్కున్నాడు, నేను ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను. అక్కడ బోట్లకి పేర్లు ఇప్పటికీ చేత్తోనే రాయాలి, చెక్క వంపుల మీద, ఉప్పు నీళ్ళల్లో ఫ్లెక్స్ నిలవదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం కదండీ, బోట్లన్నీ అప్పుడే ఒడ్డుకి చేర్చి రిపేర్లు చేసి రంగులేస్తారు, ఆ రెండు నెలలూ మాకు ఊపిరి తీసుకోడానికి ఉండదు. పేరు, నంబరు, ముందువైపు పూలు, చేపలు, అమ్మవారి కళ్ళు, ఎవరికి ఏది కావాలంటే అది.

మా అమ్మాయి డిగ్రీలో ఉన్నప్పుడు నా ఫోన్లో ఫేస్‌బుక్ పెట్టింది. పూర్తయిన ప్రతి బోటుకీ ఒక ఫొటో తీసి పెట్టేవాణ్ణి, గుడ్ మార్నింగ్ అని రాసేవాణ్ణి, అంతే. పేరు లేదు, ఊరు లేదు, ఏం లేదు. లైకులొచ్చేవి, నాకు సంతోషంగానే ఉండేది. ఆ రోజుల్లోనే కాన్వాసు మీద హార్బర్ బొమ్మ ఒకటి వేశాను, తెల్లారుజామున వలలు దులుపుతున్న ఆడవాళ్ళు, దాన్ని కూడా అలాగే పెద్ద సైజులో పెట్టేశాను. ఏడాది తిరిగాక తెలిసినాయన ఒకరు ఫోన్ చేసి, ఫలానా హోటల్లో నీ బొమ్మ గోడంతా ఉంది, ఎంతిచ్చారు అని అడిగాడు. వెళ్ళి చూస్తే ఎనిమిదడుగుల ఫ్లెక్స్, నా బొమ్మే. మేనేజరుని అడిగితే నెట్‌లో దొరికింది సార్, దాని మీద ఎవరి పేరూ లేదు కదా అన్నాడు. నేను ఆ మాటకి జవాబు చెప్పలేక బయటికొచ్చేశాను. నలభై ఏళ్ళ కిందట మా గురువుగారు రేకు ముక్క మీద కూడా మర్చిపోని పని నేను మర్చిపోయాను.

చట్టం మాత్రం మన పక్షానే ఉందండి, అది తర్వాత ఒక లాయరుగారు చెబితే తెలిసింది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు బొమ్మ వేసిన క్షణం నుంచే హక్కు మీది, రిజిస్టర్ చేయించుకోవడం తప్పనిసరి కాదు, ఆర్టిస్టు బతికున్నన్నాళ్ళూ, పోయాక ఇంకో 60 ఏళ్ళూ ఉంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది, ఇది పోర్ట్రెయిట్లు వేసేవాళ్ళు చెవులు రిక్కించి వినాలి. ఎవరైనా డబ్బిచ్చి నాకు ఫలానా బొమ్మ వేసిపెట్టు అని ఆర్డరిస్తే, మధ్యలో వేరే ఒప్పందం ఏమీ లేకపోతే, ఆ బొమ్మ కాపీరైట్ డబ్బిచ్చినవాళ్ళదే అవుతుంది, సెక్షన్ 17లో ఉంది. అంటే మీ బొమ్మని మీ పేజీలో పెట్టుకోడానికి కూడా వాళ్ళని అడగాల్సి రావచ్చు. అందుకని అడ్వాన్సు తీసుకునేటప్పుడే వాట్సాప్‌లో ఒక మెసేజీ పంపండి, బొమ్మ మీది, కాపీరైట్ నాది, నా పేజీలోనూ ఎగ్జిబిషన్‌లోనూ చూపించుకుంటాను, సమ్మతమైతే ఓకే అని రాయండి అని. వాళ్ళు ఓకే అని కొడితే ఆ మెసేజీ దాచిపెట్టుకోండి.

ఇంకొకటి సెక్షన్ 57. బొమ్మ అమ్మేసినా, కాపీరైటే అమ్మేసినా, ఇది నేను వేసిందే అని చెప్పుకునే హక్కు మాత్రం ఆర్టిస్టు దగ్గరే ఉంటుంది, బొమ్మని పాడుచేసి పరువు తీస్తే అడిగే హక్కూ ఉంటుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ అనే శిల్పి చేసిన పెద్ద కంచు మ్యూరల్‌ని, అంటే గోడ శిల్పాన్ని, 1979లో రిపేర్ల పేరుతో పీకేసి గోడౌన్‌లో పడేశారు, ఆయన కోర్టుకెళ్ళి పోరాడితే 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకి తిరిగిచ్చెయ్యమని, 5 లక్షలు నష్టపరిహారం కట్టమని తీర్పిచ్చింది. మూల రాసుకునే పేరుకి ఇంత దన్నుంది మన దేశంలో, మనమే రాసుకోవడం మానేశాం.

ఇప్పుడు పనిలోకి వద్దాం. బొమ్మ కింద ఏం రాయాలి. ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు మీరు బొమ్మ పక్కనే నిలబడతారు కదా, చూసేవాళ్ళు అడుగుతారు, ఇదెక్కడిదండీ, ఏ రంగులు, ఎన్నాళ్ళు పట్టింది, ఎంత. మీరు చెబుతారు, అలా మాటల్లోనే ఒకోసారి బొమ్మ అమ్ముడవుతుంది. ఆన్‌లైన్‌లో మీరు పక్కన లేరు, ఆ మాటలు అక్కడ రాసి ఉండాలి, అంతే తేడా. సముద్రపు అలజడి, ఆత్మఘోష, ఇలాంటివి రాయకండి అని నేననను, రాసుకోండి, కానీ దానికి ముందు ఇది విశాఖ ఫిషింగ్ హార్బర్, కాన్వాసు మీద అక్రిలిక్, 24 బై 36 అంగుళాలు, 2024లో వేసింది అని రాయండి. గూగుల్‌లో వెతికేవాళ్ళు ఆత్మఘోష అని వెతకరు, వైజాగ్ బీచ్ పెయింటింగ్ అని వెతుకుతారు. ఏటికొప్పాక బొమ్మలు చూడండి, అంకుడు కర్ర, లక్క రంగులు, 2017లో జీఐ, అంటే ఈ సరుకు ఫలానా ఊరిదే అనే గుర్తింపు కూడా వచ్చింది, ఊరి పేరే సరుకు పేరైపోయింది, ఆ ఊరెక్కడుందో తెలియనివాళ్ళు కూడా ఆ పేరు కొట్టి వెతుక్కుంటున్నారు. మీ బొమ్మలో భీమిలి ఉంటే భీమిలి అని, ఎర్రమట్టి దిబ్బలుంటే ఎర్రమట్టి దిబ్బలని, చందనోత్సవం క్యూ వేస్తే సింహాచలం అని రాయండి.

ఇది నాకెలా అర్థమైందో చెబుతాను. ఆ హోటల్ సంగతి తర్వాత మా అమ్మాయి ఒక పద్ధతి పెట్టింది, ప్రతి ఫొటో కింద బోటు పేరు తెలుగులో, ఇంగ్లీషులో, హార్బర్ పేరు, ఏ ఏడు రంగు వేశాం, కింద నా పేరు, నంబరు. చాలా విసుగు పని, కానీ వదలకుండా చేశాం. 2023 నవంబరులో హార్బర్‌లో నిప్పంటుకుని బోట్లు తగలబడ్డాయి, మీ అందరికీ తెలుసు, ఆ రాత్రి పొగ ఎంత దూరం కనిపించిందో. నేను పేర్లు రాసిన బోట్లు కూడా పోయాయి. కొన్నాళ్ళకి ఒక అబ్బాయి ఫోన్ చేశాడు. మా నాన్న బోటు కాలిపోయింది సార్, దాని ఫొటో ఇంట్లో ఒక్కటీ సరిగ్గా లేదు, అన్నిట్లోనూ మేమే ఉన్నాం, వెనకాల బోటు సగం సగం ఉంది, ఊరికే బోటు పేరు కొట్టి చూస్తే మీ ఫొటో వచ్చింది, నిలువెత్తు బోటు, నాన్నకి చూపిస్తే ఫోను కింద పెట్టట్లేదు అన్నాడు.

(కాసేపు ఆగి) నేను ఆ ఫొటో చూసి 24 బై 36 కాన్వాసు మీద ఆ బోటు వేసిచ్చాను. దానికి డబ్బు తీసుకోలేదు. వాళ్ళింటికి తీసుకెళ్ళినప్పుడు ఆ పెద్దాయన మొదట బోటు పేరు చదివాడు, తర్వాత వేలు పెట్టి కింద మూల చూపించి, ఇదిగో ఆ రోజు కూడా ఇక్కడే రాశావు నీ పేరు అన్నాడు. బోటు మీద నేను రాసుకున్న మూల పేరు ఆయనకి గుర్తుంది.

ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు అడగడం మొదలెట్టారు, మా బోటు బొమ్మ వేసిపెట్టు అని. కాకినాడ నుంచి, పూడిమడక నుంచి, ఒకరైతే గుజరాత్‌లో వెరావల్‌లో పనిచేస్తున్న మన శ్రీకాకుళం అబ్బాయి, వాళ్ళ ఓనరు బోటు వేయించుకున్నాడు. ఇప్పుడు నా ఇల్లు గడిచేది ప్రధానంగా ఈ బోటు బొమ్మల మీదే. వాళ్ళెవరూ నా ఫాలోయర్లు కాదు, పేరు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు.

ఫొటో తియ్యడం గురించి చెప్పకపోతే ఇదంతా వేస్టు. మేము చిన్న ఫొటో మీద గ్రాఫ్ గీసుకుని నలభై అడుగుల బ్యానరు మీదకి పెంచేవాళ్ళం, గడి తప్పితే హీరో మొహం వంకరొచ్చేది. మీ ఫోన్ కెమెరాలోనూ ఆ గ్రాఫ్ ఉంది, సెట్టింగ్స్‌లో గ్రిడ్ అని, ఆన్ చేసుకోండి, బొమ్మ అంచులు ఆ గీతలకి సరిగ్గా సమానంగా వచ్చేదాకా మీరు జరగండి. దగ్గరికెళ్ళి తియ్యకండి, అంచులు ఉబ్బినట్టొస్తాయి, నాలుగడుగులు వెనక్కెళ్ళి రెండింతల జూమ్ పెట్టి తీయండి. ఎండలో వద్దు, ట్యూబులైటు కింద అసలే వద్దు, ఫ్లాష్ ముట్టుకోవద్దు. పొద్దున ఎనిమిదీ తొమ్మిది మధ్య వరండాలో నీడపట్టున పెడితే చాలు. ఫ్రేము కట్టించకముందే తీయండి, అద్దం పడ్డాక అందులో మీరూ మీ చొక్కా కనబడతారు. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి ఒక ఫొటో తీసుకుని ఉంచుకోండి, తర్వాత ఎడిటింగ్‌లో ఆ కాగితం తెల్లగా వచ్చేలా సరిచేస్తే మిగతా రంగులు దారికొస్తాయి. రంగు ఉన్నదానికంటే మెరిపించకండి, నీలం ఎక్కువ చేసి పంపిస్తే పార్సిల్ విప్పినరోజు కొన్నవాళ్ళ మనసు విరుగుతుంది.

ఒక మొత్తం బొమ్మ, ఒకటి దగ్గరగా బ్రష్షు జాడ కనబడేలా, ఒకటి పక్కనుంచి మందం తెలిసేలా, ఒకటి గోడ మీద పెట్టి పక్కన కుర్చీయో మనిషో ఉండేలా. ఈ నాలుగోది చాలామంది తియ్యరు, అంగుళాలు చెబితే అందరికీ ఊహకి అందదు, కుర్చీ పక్కన చూస్తే సైజు తెలిసిపోతుంది. పెద్ద ఫైలు మీ దగ్గరే దాచుకోండి, బయట పెట్టేది 1080 పిక్సెల్స్ వెడల్పుకి తగ్గించి పెట్టండి. లెక్కేసి చూడండి, మంచి అచ్చుకి అంగుళానికి 300 చుక్కలు కావాలి, 1080ని 300తో భాగిస్తే మూడున్నర అంగుళాల చిల్లర, అంతకంటే పెద్దగా శుభ్రంగా అచ్చెయ్యలేరు. ఫ్లెక్స్ వేసేవాడికి అది కూడా చాలు అనుకోండి, కానీ పుస్తకం అట్టకీ, మంచి క్యాలెండరుకీ పనికిరాదు. ఇంక నిజమైన కొనేవాళ్ళకి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపండి, లేకపోతే అది కుదించేస్తుంది, మీరు పడ్డ కష్టం అంతా బురదగా కనబడుతుంది.

వీడియోల సంగతి. 2020 జూన్ 29న టిక్‌టాక్ మన దేశంలో ఆపేశారు, ఆ వెంటనే జూలైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ ఇక్కడికొచ్చాయి. మనకి పనికొచ్చేది ఏటంటే, చెయ్యి కదులుతుంటే జనం చూస్తారు. నేను క అక్షరం రాస్తున్న వీడియో, తలకట్టు ఒక్క స్ట్రోకులో లాగి బ్రష్షు తిప్పి ఎత్తడం, ఇరవై సెకన్లు, దాన్ని చూసినంతమంది నా జీవితంలో నేను రాసిన అన్ని బోర్డులూ కలిపి చూసుండరేమో అనిపిస్తుంది. నమస్తే ఫ్రెండ్స్ అని మొదలెట్టకండి, బ్రష్షు రేకుకి తగలడంతో మొదలెట్టండి. సినిమా పాట పెట్టాలని లేదు, హార్బర్‌లో ఉలి చప్పుడు, కాకులు, మీ గొంతు, అదే బాగుంటుంది, పైగా బిజినెస్ అకౌంట్లకి చాలా పాటలు ఇవ్వరు కూడా. తెలుగులో మాట్లాడండి, మన యాసలోనే మాట్లాడండి. రోజూ పెట్టక్కర్లేదు, వారానికి ఒకటి చాలు, మానకుండా పెట్టాలి.

ఆ టిక్‌టాక్ రోజునే ఇంకోటి కూడా అర్థమైంది. లక్షలమంది ఫాలోయర్లున్నవాళ్ళకి తెల్లారేసరికి ఏమీ లేదు, ఎందుకంటే ఆ మనుషుల పేర్లు, నంబర్లు వాళ్ళ దగ్గర లేవు, కంపెనీ దగ్గరున్నాయి. మా గురువుగారికి ఒక పొడుగు ఖాతా పుస్తకం ఉండేది, ఎవరి బోర్డు ఎప్పుడు రాశారు, ఏ రంగులు, ఎంత ఇచ్చారు, మూడేళ్ళకి రంగు వెలుస్తుంది కాబట్టి మళ్ళీ వెళ్ళి అడగడానికి. మీరూ అలాంటిది పెట్టుకోండి, పుస్తకమైనా ఎక్సెల్ అయినా. బొమ్మ కొన్నవాళ్ళు, కొంటానని ఆగినవాళ్ళు, ఎగ్జిబిషన్‌కి వచ్చి మెచ్చుకున్నవాళ్ళు, వాళ్ళని అడిగి నంబరు రాసుకోండి. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి 256 మంది పడతారు, అయితే వాళ్ళ ఫోన్లో మీ నంబరు సేవ్ అయి ఉంటేనే మెసేజీ చేరుతుంది, కాబట్టి నంబరు తీసుకునేటప్పుడే నాది కూడా సేవ్ చేసుకోండి అని ఎదురుగా చేయించండి. నెలకొకసారి మించి పంపకండి. గూగుల్‌లో బిజినెస్ ప్రొఫైల్ ఉచితం, షాపు లేకపోయినా ఇంటి అడ్రసు దాచి ఊరి పేరుతో పెట్టుకోవచ్చు. సొంత వెబ్‌సైటు పెట్టుకోగలిగితే మంచిదే, ఒక్క పేజీ అయినా చాలు.

రేటు. రేటు రాయడానికి మనవాళ్ళు ఎందుకో సిగ్గుపడతారు, డీఎం చెయ్యండి, అంటే విడిగా మెసేజీ పెట్టి అడగండి అని రాస్తారు. అడగడానికి మొహమాటపడి వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ, నేను కూడా బట్టల షాపులో రేటు రాయని చీర గురించి అడగను. బోర్డుకి చదరపు అడుగు లెక్క ఉండేది, బొమ్మకీ అలాంటి లెక్క ఒకటి పెట్టుకోండి. 18 బై 24 అంటే 432 చదరపు అంగుళాలు, అంగుళానికి 15 రూపాయలు అనుకుంటే 6,480, దాని మీద ఫ్రేము, ప్యాకింగు, కొరియరు వేరే. ఆ 15 అనేది ఉదాహరణ, మొదలెట్టేవాళ్ళు తక్కువ పెట్టుకుంటారు, పేరొచ్చినవాళ్ళు ఎక్కువ, కానీ మనిషిని బట్టి మార్చకండి. ఆన్‌లైన్‌లో ఒకటి, గ్యాలరీలో ఒకటి, చుట్టాలకి ఒకటి అని పెడితే ఎప్పుడో ఒకప్పుడు అందరికీ తెలుస్తుంది.

మోసాల గురించి గట్టిగా చెబుతున్నాను, ఇది మన ఊరివాళ్ళకి మరీ అవసరం. ఫోనొస్తుంది, హిందీలోనో ఇంగ్లీషులోనో, నేను నేవీలో పనిచేస్తున్నాను, నాకు ట్రాన్స్‌ఫర్ అయింది, మీ నాలుగు బొమ్మలూ కావాలి, బేరం ఆడరు, ఐడీ కార్డు ఫొటో కూడా పంపిస్తారు. వైజాగ్‌లో ఏ వీధికెళ్ళినా నేవీ కుటుంబం ఉంటుంది, మనం నమ్ముతాం. తర్వాత డబ్బు పంపిస్తున్నాను ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటారు. నాకు తెలిసిన ఒక అమ్మాయి రెండేళ్ళు దాచుకున్న డబ్బు అలా పోయింది. యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టక్కర్లేదు, స్కాన్ చెయ్యక్కర్లేదు, పిన్ అడిగారంటే మీ డబ్బు వెళ్తోందని అర్థం. పొరపాటున జరిగితే ఏడుస్తూ కూర్చోకుండా ఆ గంటలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. డబ్బు మీ బ్యాంకులో కనబడ్డాకే బొమ్మ గుమ్మం దాటాలి.

ప్యాకింగ్ ఒక్క ముక్క. మన ఊరి ఉక్కలో అక్రిలిక్ మెత్తబడి బబుల్ ర్యాప్‌కి అంటుకుంటుంది, బొమ్మ నిండా గుండ్రటి మచ్చలు పడతాయి, నాకు పడ్డాయి. ముందు బటర్ పేపర్ చుట్టి దాని మీదే బబుల్ ర్యాప్ వెయ్యండి. చుట్టి పంపేటట్టయితే రంగు వైపు బయటికుండేలా చుట్టి హార్డ్‌వేరు షాపులో దొరికే పీవీసీ పైపు ముక్కలో పెట్టండి. ప్యాక్ చేస్తున్నప్పుడు వీడియో తీసి ఉంచుకోండి.

ఏమ్మా, అడుగు... గట్టిగా. ఈవిడ అడుగుతున్నదేటంటే, ఇంటి దగ్గరే తంజావూరు పెయింటింగులు వేస్తాను, మొహం చూపించడం ఇంట్లో ఇష్టం లేదు, అలా చెయ్యొచ్చా అని. హాయిగా చెయ్యొచ్చమ్మా. బంగారు రేకు అంటిస్తున్న చేతులు చాలు, రాళ్ళు అద్దుతున్నప్పుడు దగ్గర్నుంచి తీస్తే అదే అందం, నీ గొంతు పెట్టినా పెట్టకపోయినా ఫరవాలేదు. ఇంటి నంబరు కాకుండా వాట్సాప్ బిజినెస్‌కి వేరే సిమ్ తీసుకో, కిటికీలోంచి వీధి కనబడేలా వీడియో తియ్యకు, కొరియరు మీద నీ పేరు ఉంటే చాలు. సంతకం మాత్రం నీ పేరే చెయ్యి తల్లీ, ఇంటిపేరుతో సహా, అది దాచకు.

వెనకాల ఆ బాబు... ఏఐ గురించి. క్షణంలో బొమ్మలొచ్చేస్తున్నాయి కదా సార్, మేమెందుకు అని. నాన్నా, ఫ్లెక్స్ వచ్చినప్పుడు నేను ఇదే అడిగాను, నాకెవరూ జవాబు చెప్పలేదు, కొంత పని పోయింది, తిరిగి రాలేదు, నీకు అబద్ధం చెప్పను. ఇప్పుడూ కొంత పోతుంది, ముఖ్యంగా అర్జెంటుగా చవగ్గా కావాల్సినవి. కానీ ఆ పెద్దాయన బోటు సంగతి చెప్పాను కదా, ఆయనకి ఒక బోటు బొమ్మ కావాల్సి రాలేదు, తన బోటు పేరు రాసిన మనిషి వేసిన తన బోటు కావాల్సి వచ్చింది. అందుకే నీ స్కెచ్చులు, మధ్యలో ఆగిన దశలు, రంగులు కలిపిన పళ్ళెం, అన్నీ ఫొటోలు తీసి పెట్టు, బొమ్మతో పాటు అవీ చూపించు. నీ శైలిని ఆ ప్రోగ్రాములు కాపీ కొడతాయని భయముంటే షికాగో యూనివర్సిటీ వాళ్ళు చేసిన గ్లేజ్ అని ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది, బొమ్మలో కంటికి పెద్దగా తెలియని మార్పులు చేసి కొంత అడ్డుపడుతుంది, పూర్తి రక్షణ అని వాళ్ళు కూడా చెప్పరు.

ఇంక మాటలు చాలు, ఎండ దిగిపోతోంది. పడమటి కిటికీల పరదాలు తియ్యండి బాబూ, తెల్లగోడ వైపు బల్లలు జరపండి. మీరు తెచ్చిన బొమ్మలు ఒక్కొక్కటీ గోడకి ఆనించండి, ముందు సంతకం లేనివి ఇటు తీసుకురండి, సన్న బ్రష్షులు నా సంచిలో ఉన్నాయి, నల్ల ఎనామిల్ కాదు, అక్రిలిక్కే తెచ్చాను. అవి ఆరేలోపు మిగతావాటికి ఫొటోలు తీద్దాం, ఈ వెలుతురు ఇంకో అరగంట ఉంటుంది.